ఆశీలు ఎవరు చెల్లింపవలెను?

గడచిన వర్షకాలమున జరిగిన యొక చిన్న సంగతిని ఈ సంచికలో వ్రాయుటకు మొదట సంకోచించితిని. అందలి మొత్తము 38 రూపాయలు మాత్రమే. ఇంత స్వల్పమైన దానికి ఇన్ని పుటలా యని పెద్దలు నవ్వవచ్చును. కాని గణితము బోధించి బ్రతుకువానికి లెక్క సరిపోనిచో 38 రూపాయలైనను 38 వేలైనను నిద్ర పట్టదు. ఆ లెక్కను బాలబాలికలతోను వారి తలిదండ్రులతోను కలిసి మరల వేసికొందమను తలంపుతో వ్రాయుచున్నాను.

మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక పరుగు పందెములలో మిక్కిలి దిట్ట. (పేరు వ్రాయను. ఆమె యీ సంచికను తప్పక చదువును, నన్ను క్షమింపదు.) ఆటల పోటీలకు పోవలసి యుండెను; కాళ్లకు తగిన బూట్లు లేవు. అరకులోయ అంగళ్లన్నియు తిరిగితిమి గాని ఆమె పాదమునకు సరిపడు కొలత దొరకలేదు. అప్పుడు ఆన్‌లైను అంగడిలో చూతమని నేనే చెప్పి, ఫోనులో బొమ్మ చూపి, ధర 449 రూపాయలని తండ్రికి చదివి వినిపించితిని. ఆయన ఆ వారపు సంతకు కావడిమీద పనసకాయలును అనాసపండ్లును మోసికొని వచ్చి, అమ్మగా వచ్చిన దానిలోనుండి 450 రూపాయలు లెక్కపెట్టి నా చేతబెట్టెను. నేనొక రూపాయి తిరిగి యియ్యబోగా, “ఉంచండి మాస్టారూ, పిల్లకి పెన్సిలు కొనండి” అనెను.

ఆ రాత్రి ఫోను తీసి కూర్చుంటిని. చిరునామా వ్రాసితిని, పిన్‌కోడు వేసితిని, బూటు కొలత రెండుమారులు సరిచూచితిని. ఇక మీట నొక్కుటయే తరువాయి యనునప్పుడు ధర క్రింద రెండు చిన్న పంక్తులు ప్రత్యక్షమైనవి. ‘నిర్వహణ రుసుము’ 9 రూపాయలు, ‘నగదు స్వీకరణ రుసుము’ 29 రూపాయలు, మొత్తము 487. ఫోనుద్వారా ముందుగా చెల్లించినచో 29 తప్పును. కాని ఆ రాత్రి వానకు సిగ్నలు నిలువక చెల్లింపు రెండు పర్యాయములు విఫలమై యుండెను. మరునాటికి ఆ కొలత మిగులునో మిగులదో యని తొందరపడి, 38 రూపాయలు నావే వేసికొన నిశ్చయించి ముగించితిని. ఎవరికిని చెప్పలేదు. ఒక మేలు చేసితినని లోలోపల కొంచెము సంతోషించితిని కూడ.

పది దినములకు బూట్లు వచ్చినవి. పెట్టెమీద అతికించిన కాగితమును బాలిక తండ్రికి చదివి వినిపించినదట. తరువాతి సంతనాడు ఆయన పాఠశాలకు వచ్చి, తువ్వాలు కొసను వేసిన ముడి విప్పి, చిల్లర నా బల్లమీద పోసెను. లెక్కింపగా సరిగా 38 రూపాయలు.

“ఇదేమిటి?” అంటిని.

“మీరు చెప్పింది 449. కాగితం మీద 487 ఉంది. మీ దగ్గర మాకు బాకీ ఉండకూడదు మాస్టారూ.”

చిన్న మొత్తమే గదా, ఉండనిమ్మంటిని.

“చిన్నదే. అది దేనికో చెప్పండి చాలు.”

డబ్బు పుచ్చుకొన్నందుకు ఆ యంగడివారు తీసికొను రుసుమని చెప్పితిని. ఆయన కొంతసేపు నా వంక చూచి, “మా డబ్బు వాళ్లు పుచ్చుకోడానికి కూలి కూడా మేమే ఇవ్వాలా?” అనెను.

లాభనష్టములు, కమీషను, వడ్డీ, వీనిని సంవత్సరముల తరబడి నల్లబల్లపై బోధించుచున్న వాడను. ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. చిల్లర పుచ్చుకొంటిని. పుచ్చుకొననిచో ఆయనకు అవమానమగునని అప్పటికి తెలిసినది.

ఆ ప్రశ్న ఆయన నోట వచ్చుటకు కారణము లేకపోలేదు. ఈ కొండలలో నోటితో చెప్పిన ధరకును, తరువాత కాగితముమీద తేలిన మొత్తమునకును నడుమ పెరిగిన దూరమువలననే ఎన్నో కుటుంబములు భూములు పోగొట్టుకొన్నవి. అరువుగా తెచ్చుకొన్న ఉప్పును గుడ్డయు సాహుకారు చిట్టాలో ఏటేట పెరిగెడివి. చదువు రాని కొండవాడు వ్రేలిముద్ర వేసెడివాడు. మద్రాసు ప్రభుత్వమువారు 1917లో ఏజెన్సీ ప్రాంతములకై వడ్డీని గూర్చియు భూముల బదలాయింపును గూర్చియు ప్రత్యేక శాసనము చేసి, వడ్డీ సాలుకు నూటికి 24కు మించరాదనియు, వడ్డీమీద వడ్డీ కట్టరాదనియు విధించిరి. నూటికి 24 అనునది దయగల వడ్డీగా నిర్ణయింపబడిన దన్నచో, అంతకు ముందెట్లుండెనో ఊహించుకొనుడు. తరువాత 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది. అటవీ ఫలసాయమును దళారీ లేకుండ కొనుటయు, నిత్యావసర వస్తువులను న్యాయమైన ధరకు అమ్ముటయు దాని యుద్దేశములు. అట్టి చోట పుట్టిన వానికి, చెప్పిన ధరపై తరువాత చేరిన ప్రతి పంక్తియు పాత చిట్టావలెనే కనబడును. 38 రూపాయలకు ఆయన అంత దూరము నడచి వచ్చినది అందువలననే.

ఆయన పోయిన తరువాత నాకు నా తల్లి జ్ఞప్తికి వచ్చినది. మా చిన్నతనమున ఆమె పసుపును వలిసెలును గంపలో పెట్టుకొని సంతకు పోవునప్పుడు నేను వెంట పోయెడివాడను. గంప దించిన కొంతసేపటికి ఆశీలు వసూలు చేయువాడు రసీదుల పుస్తకముతో వచ్చెడివాడు. గంపకింతయని నిర్ణయము. ఆమె గొణుగుచునే యిచ్చెడిది. కాని కొనువారితో “పసుపు ఇంత, ఆశీలు ఇంత” అని ఆమె యెన్నడును చెప్పగా నేను వినలేదు. ఆశీలు, కావడివాని కూలి, మధ్యాహ్నము నాకు కొనిపెట్టిన జంతిక, అన్నియు ఆమె చెప్పిన ఒక్క ధరలో ఇమిడి యుండెడివి. కొనువాడు ఆ ధర విని బేరమాడును, లేదా ప్రక్క గంపకు పోవును. మూట కట్టించుకొన్న తరువాత మరియొక మాట వచ్చుట యుండదు.

ఇంకొక జ్ఞాపకము. నేను భీమునిపట్టణములో ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో నా తండ్రి నెలకు 500 రూపాయలు మనియార్డరు పంపెడివాడు. మనియార్డరునకు తపాలా శాఖవారి కమీషను 20 రూపాయలకు ఒక రూపాయి. అనగా 500లకు 25. నాకు 475 చేరిన చాలునని నేనెన్నిమారులు వ్రాసినను ఆయన వినక, కిటికీవద్ద 525 కట్టి నాకు నిండుగా 500 అందునట్లు చేసెడివాడు. ఆ 25 రూపాయలు ఆయనకు రెండు పూటల కూలి. పంపువాడే కమీషను కట్టవలెనన్నది నియమము. అయినను ఆ కమీషనును నా 500లోనుండి తగ్గించుట ఆయనకు అతి సులభమై యుండెను. చేయలేదు.

ఇక అసలు విషయమునకు వత్తును. బాలిక తండ్రికి ప్రత్యుత్తరము చెప్పవలెనను పట్టుదలతో కొంత చదివి తెలిసికొంటిని.

సంతలో గంప దించినందుకు ఆశీలున్నట్లే, ఆన్‌లైను సంతలో సొమ్ము చేతులు మారినందుకును ఆశీలు కలదు. మీరు కార్డుతో చెల్లించినచో ఆ సొమ్ము మీ బ్యాంకునుండి అమ్మువాని బ్యాంకునకు పోవులోపల, కార్డు ఇచ్చిన బ్యాంకును, కార్డుల వ్యవస్థను నడపు సంస్థయు, అమ్మువాని బ్యాంకును, నడుమ ద్వారము కాచు చెల్లింపుల సంస్థయు తలకొంత తీసికొందురు. దీనికి ‘మర్చంట్ డిస్కౌంట్ రేటు’ అని పేరు. అనగా వర్తకుని సొమ్ములోనుండి తగ్గించునది; పేరులోనే యెవరు చెల్లింపవలెనో యున్నది. రిజర్వు బ్యాంకువారు డెబిట్ కార్డుల విషయమున దీనికి హద్దులు విధించిరి. 2018 జనవరి 1నుండి, సాలుకు 20 లక్షల లోపు వ్యాపారము చేయు చిన్న వర్తకులకు నూటికి 40 పైసలు, తక్కినవారికి 90 పైసలు మించరాదనిరి. డెబిట్ కార్డుతో చెల్లించు కొనుగోలుదారులపై వర్తకులు ఈ రుసుమును మోపకుండ చూడవలసినదని బ్యాంకులను ఆదేశించిరి. 2020 జనవరి 1నుండి యూపీఐకిని రూపే డెబిట్ కార్డునకును ఈ రేటు సున్న అయినది.

కావున అంగడిలో క్యూఆర్ బొమ్మ చూపి, “ఫోనుతో ఇస్తే రెండు రూపాయలు ఎక్కువ” అని యెవరైన అన్నచో, అది బ్యాంకువారు తీసికొను రుసుమని నమ్మవలదు. నన్నొక దుకాణదారుడు అట్లే యడిగెను. సున్నకు రెండు రూపాయలు ఏ లెక్కన వచ్చెనో చెప్పుమంటిని. “అందరూ తీసుకుంటున్నారు గదా మాస్టారూ” అనెను. అట్టి ఉపపత్తిని మా రేఖాగణితములో ఒప్పుకొనము. అయితే ఆన్‌లైను అంగళ్ల విషయమున ఒకటి చెప్పక తప్పదు: రేటు సున్నయే యైనను, నడుమనుండు చెల్లింపుల సంస్థలు తమ సేవకై వర్తకునియొద్ద వేరుగా రుసుము పుచ్చుకొనుట కలదు. అది వర్తకునికి నిజమైన ఖర్చే.

నగదు స్వీకరణకును ఖర్చు లేకపోలేదు. పార్సెలు తెచ్చు కుఱ్ఱవాడు వానలో ఘాటు రోడ్డెక్కి వచ్చి, ఇంట ఎవరును లేక, తిరిగి మోసికొనిపోయిన దినములను నేను చూచితిని. ఆ తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరో యొకరు భరింపవలసినదే. నా ఫిర్యాదు ఆ 29 రూపాయలు చూపిన సమయమును గూర్చినది, అవి పడిన తలను గూర్చినది. విశాఖపట్టణములో కార్డుగలవానికి అదే బూటుపై రాయితీ కూడ వచ్చును. సిగ్నలు లేని యూరివాడు, బ్యాంకు ఖాతాలో నిలువ లేనివాడు, నగదు తప్ప వేరు దారి లేనివాడు, అదనము కట్టును.

ఈ సమయపు సంగతిని ప్రభుత్వమువారును గుర్తించిరి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమములలో, తప్పనిసరి రుసుములన్నియు కలిపిన మొత్తము ధరను ఒకే అంకెగా చూపి, దాని విభజనను కూడ తెలుపవలెనని యున్నది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థవారు కొనుగోలుదారులను మభ్యపెట్టు 13 విధములైన పద్ధతులను పేర్కొని నిషేధించిరి. వానిలో ధరను మొదట కొంత చూపి, పిమ్మట బొట్టు బొట్టుగా పెంచుట యొకటి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషిగారు, నగదు చెల్లింపుపై అదనపు రుసుము వేయు ఆన్‌లైను అంగళ్లపై తమ శాఖ విచారణ నారంభించినదని ప్రకటించిరి. ఇట్టివానిపై ఫిర్యాదు చేయదలచువారు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. మన విద్యార్థులు దీనిని తలిదండ్రులకు చెప్పవలెను. యునైటెడ్ కింగ్‌డమ్‌లోనైతే 2018 జనవరి 13నుండి, సాధారణ కొనుగోలుదారులు కార్డుతో చెల్లించినందుకు అదనపు రుసుము తీసికొనుటయే శాసన విరుద్ధము.

మన రైల్వేవారి ఐఆర్‌సీటీసీ ఆన్‌లైను టిక్కెట్లపై సేవా రుసుమును 2016 నవంబరులో ఎత్తివేసి, 2019 సెప్టెంబరు 1నుండి మరల విధించినది: ఏసీ కాని తరగతులకు 15 రూపాయలు, ఏసీ తరగతులకు 30; యూపీఐతో చెల్లించినచో 10, 20. స్టేషను కిటికీవద్ద నిలుచుండి కొనినచో ఇది లేదు. ఇచ్చట కనీసము రెండు దారులు కలవు, రెండింటి వెలయు ముందే తెలియును. వేగిరము కావలసినవాడు ఒకటి, ఓపిక గలవాడు మరియొకటి ఎన్నుకొనును.

ఇంతవరకు వ్రాసినది చదివి, మాస్టరుగారు ధర్మపక్షమున నున్నారని మీరు తలంపవచ్చును. తరువాత జరిగినది వినుడు.

ఆ బాలిక తల్లి సభ్యురాలుగా నున్న పొదుపు సంఘమువారు, కాఫీ తోటలలో సిల్వరు ఓకు చెట్లకు ప్రాకించిన మిరియపు తీగలనుండి వచ్చిన మిరియములను తామే ఆన్‌లైనులో అమ్మదలచిరి. కాఫీ గింజలకు కొనువారున్నారు. 2019లో అరకులోయ అరాబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుండి పేరు మఱింత పెరిగినది. మిరియములకు ఆ యదృష్టము పట్టలేదు. ఫోనులో అంగడి పుట సిద్ధము చేయు పని నాకు అప్పగించిరి. తపాలా ఖర్చుతో కలిపి అరకిలోకు సంఘమునకు 500 రూపాయలు చేరవలెనని నిర్ణయించుకొనిరి.

చెల్లింపుల సంస్థవారి రుసుము నూటికి 2; ఆ రుసుముమీద నూటికి 18 జీఎస్టీ. వెరసి నూటికి 2 రూపాయల 36 పైసలు. 500లకు 11 రూపాయల 80 పైసలు. నేనేమి చేసితిననుకొందురు? ధర 500 అని పెద్ద అక్షరములతో వ్రాసి, పుట చివర ‘చెల్లింపు రుసుము 11.80’ అని చిన్న పంక్తి పెట్టితిని! నాకు అది తప్పుగా తోచనేలేదు. పైగా దాచక చూపితినని తృప్తి పడితిని. సంఘపు సమావేశమున ఫోను చేతులు మారి చివరకు బాలిక చేతికి వచ్చినది. ఆమె పై నుండి క్రిందివరకు పైకి చదివినది. గుమ్మమువద్ద కూర్చుండిన తండ్రి, “మాస్టారూ, ఆ బూట్ల దుకాణం మీదేనా?” అనెను.

అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని చెవులు కాలినవి.

పైగా నా లెక్కయు తప్పే. విద్యార్థులు గమనింపుడు. 500లకు 11.80 కలిపి 511.80 పుచ్చుకొన్నచో, రుసుము ఆ 511.80 మీద పడును. అది 12 రూపాయల 8 పైసలు. చేరునది 499.72. నిండుగా 500 చేరవలెనన్న, 500ను 0.9764చే భాగింపవలెను, 512.09 వచ్చును. పదవ తరగతివాడు చేయు పొరపాటును నేను చేసి, దానిని కొనువానిపై వేసితిని.

పిమ్మట చాల చర్చ జరిగెను. ఒక పెద్దమ్మ, “సంతలో మిరియాలు పోసుకొని, ఆశీలుకింత, జీపుకింత అని వేరేగా అడుగుతామా బాబూ? అడిగితే ఎవరు కొంటారు?” అనెను. ఒకే ధర పెట్టుడని యామె తాత్పర్యము. మరియొక యువతి, ఇంటరు చదివినది, దానికి అడ్డు చెప్పెను: సంఘము ఖాతాకు యూపీఐతో నేరుగా సొమ్ము పంపువానివలన మనకు ఏ రుసుమును లేదు గదా, కార్డువాని ఆశీలును ఇతడేల మోయవలెను? ఆమె యడిగినది న్యాయమే. ఒకే ధరలో కలిపినచో నగదువాడు కార్డువాని బరువులో కొంత మోయును. విడిగా చూపినచో చివరి పుటలో కొనువానికి వంచన జరిగినట్లుండును. దీనికి లోపము లేని పరిష్కారము నాకు నేటికిని తోచలేదు. ఆ యువతి సమ్మతింపకయే కూర్చున్నది. తక్కినవారు పెద్దమ్మ పక్షము వహించిరి. అందరికిని ఒకే ధర, 515 రూపాయలు. మొదటి పుటలోనే, బొమ్మ ప్రక్కనే. క్రింద ఏ పంక్తియు లేదు.

పుట మార్చిన తరువాత మొదటి కొనుగోలు హైదరాబాదునుండి వచ్చినది, క్రెడిట్ కార్డుతో. 515లో 12 రూపాయల 15 పైసలు పోగా 502 రూపాయల 85 పైసలు సంఘము ఖాతాలో జమయైనవి. లెక్కల పుస్తకము వ్రాయు పని బాలికకు అప్పగించి యుండిరి. పరుగులో ఆమె మూడవ స్థానము పొందినది, లెక్కలలో ఇంకను ముందున్నది. జమ వ్రాసి, ఖర్చు పంక్తిలో 12.15 వేసి, దీనికేమి పేరు వ్రాయుదునని నన్నడిగెను. ‘చెల్లింపు రుసుము’ అని చెప్పబోవుచుంటిని.

“ఆశీలు అని రాయమ్మా,” అనెను తండ్రి.

ఆమె అట్లే వ్రాసెను.